కుండీ మొక్కలకి నీళ్లతో, మట్టితో వచ్చే తిప్పలు, సరిచేసుకునే పద్ధతి

ఇంట్లో పెట్టుకున్న మొక్కకి ఆకు చివర్లు మాడిపోతుంటే చాలామంది వెంటనే ఎరువు వేసేస్తారు, లేదంటే ఏదో ఒక స్ప్రే కొడతారు. దయచేసి కాస్త ఆగండి. ముందు మట్టి పైన, కుండీ అంచు చుట్టూ తెల్లగా పొర కట్టిందేమో చూడండి. కట్టిందంటే అది నీళ్లలోంచి, ఎరువులోంచి వచ్చిన ఉప్పే. నేలలో ఉన్న మొక్కకి వాన పడితే ఆ ఉప్పు కిందకి దిగిపోద్ది. కుండీలో అలా జరగదు, నీళ్లు కొన్ని ఆవిరైపోతాయి, కొన్ని మొక్క తాగుద్ది, లవణాలు మాత్రం అక్కడే మిగిలి నెలనెలా పెరుగుతూ పోతాయి. చివరికి కుండీలోనే చౌడు నేల తయారవుద్ది, మట్టి తడిగానే ఉంటది కానీ వేర్లు నీళ్లు లాగలేవు. అప్పుడు ఎరువు వేస్తే ఇంకాస్త ఉప్పు వేసినట్టే కదా!

కాబట్టి ముందు మట్టిని కడగాలి. ఆ తెల్ల పొరని పైపైన గీకి తీసేసి, కుండీని సింకులోనో బాత్రూంలోనో పెట్టి, కుండీ సైజుకి కనీసం 2 రెట్లు నీళ్లు నిదానంగా పోయండి, అంటే 2 లీటర్ల కుండీకి 4 లీటర్లు. ఒక్కసారిగా కుమ్మరించొద్దు, కొంచెం పోసి దిగనిచ్చి మళ్లీ పోయండి. కింద ప్లేటులో కారిన నీళ్లు పారబోయాల్సిందే, లేకపోతే మట్టి మళ్లీ అదే ఉప్పుని పీల్చుకుంటది. 4 నుంచి 6 నెలలకోసారి ఇది చేస్తే చాలు. అడుగున కన్నం లేని కుండీలో ఇది కుదరదు, అందుకే అలాంటివి ఎంత అందంగా ఉన్నా నేను వద్దనే అంటాను.

ఇక నీళ్లు. ట్యాప్ నీళ్లు బకెట్లో పట్టి రాత్రంతా ఉంచితే క్లోరిన్ పోద్దని అందరూ చెప్తారు, అది నిజమే, కానీ కొన్నిచోట్ల క్లోరిన్ బదులు క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలుపుతారు, అది అలా ఉంచినంత మాత్రాన పోదు. ఉప్పు, సున్నం కూడా ఎంతసేపు ఉంచినా పోవు. టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపించేది) ఉంటే ఒకసారి పెట్టి చూడండి, 200 పీపీఎం (అంటే పది లక్షల వంతుల్లో 200 వంతులు) లోపు ఉంటే దిగులు అక్కర్లేదు, 500 దాటితే మాత్రం సున్నితమైన మొక్కలకి వేరే నీళ్లు చూస్కోవాలి. కలాతియా, డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటివి ఫ్లోరైడ్‌కి కూడా తట్టుకోలేవు, ముందు చివర్లే మాడతాయి. వాన నీళ్లు అన్నిటికంటే మంచివి. ఆర్‌ఓ నీళ్లు కూడా వాడొచ్చు, కాకపోతే వాటిలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు కాబట్టి అవి ఉన్న ఎరువు పల్చగా కలిపి ఇవ్వాలి, లేదా సగం ట్యాప్ నీళ్లు కలపండి. ఆర్‌ఓ నుంచి బయటికి పోయే వేస్ట్ నీళ్లు మాత్రం కుండీలకి పోయకండి, వడకట్టిన ఉప్పంతా అందులోనే ఉంటది. వాటర్ సాఫ్ట్‌నర్ నీళ్లూ వద్దు, అందులో సున్నం తగ్గుద్ది కానీ దాని బదులు సోడియం చేరుద్ది, మొక్కకి అదింకా చేటు.

సున్నం ఎక్కువున్న నీళ్లు పోస్తూ ఉంటే మట్టి పీహెచ్ (పులుపు గుణమా, క్షార గుణమా చెప్పే అంకె) కూడా మెల్లగా పెరుగుద్ది. కొత్త ఆకులు పసుపుగా వస్తూ ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయంటే అదే గుర్తు, మట్టిలో ఐరన్ ఉన్నా మొక్కకి అందట్లేదని. చాలా ఇండోర్ మొక్కలకి పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే బాగుంటది.

కింది ఆకులు పసుపైపోయి మట్టిలోంచి కుళ్లు వాసన వస్తుంటే అది వేరే కథ, నీళ్లు ఎక్కువై వేర్లకి గాలి ఆడక కుళ్లుతున్నాయి. మొక్కని బయటికి తీసి చూడండి, మంచి వేరు గట్టిగా, లేత రంగులో ఉంటది, కుళ్లింది గోధుమ రంగులో మెత్తగా చేతికి ఊడొస్తది. కుళ్లినవన్నీ శుభ్రమైన కత్తెరతో కత్తిరించి కొత్త మట్టిలో పెట్టండి. పెరటి మట్టి ఒక్కటే నింపొద్దు, కుండీలో అది గట్టిపడిపోద్ది, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కంపోస్టుతో పాటు పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు) కూడా కలిపి గుల్లగా చేస్కోండి. కోకోపీట్‌లో ఒక్కోసారి ఉప్పు ఉంటది, 2, 3 సార్లు కడిగి వాడండి. అడుగున గులకరాళ్లు వేస్తే నీళ్లు బాగా దిగుతాయనుకుంటారు గానీ అలా జరగదు, రాళ్ల పైన మట్టిలోనే తడి నిలిచిపోయి వేర్లకి ఇంకా దగ్గరవుద్ది.

మట్టి మరీ ఎండిపోతే పోసిన నీళ్లన్నీ పక్కల నుంచి జారిపోతాయి, లోపల పొడిగానే ఉంటది. అప్పుడు కుండీని నీళ్ల టబ్బులో అరగంట ఉంచి తీసెయ్యండి.

మట్టి మీద తెల్ల బూజు వస్తే గీకెయ్యండి చాలు, మొక్కకి ఏం కాదు. చిన్న నల్ల దోమల్లాంటివి ఎగురుతుంటే పై అంగుళం మట్టి ఆరాకే నీళ్లు పోయండి, వాటి పురుగులు ఆ తడిలోనే పెరుగుతాయి. పసుపు రంగు జిగురు కార్డు పెడితే ఎగిరేవి అంటుకుంటాయి గానీ మట్టిలో ఉన్నవాటికి బీటీఐ (దోమ పురుగుల్ని చంపే ఒక బ్యాక్టీరియా మందు) కలిపిన నీళ్లు పోయాలి, అది కూడా కొన్ని వారాలు వరసగా, మధ్యలో ఆపితే గుడ్లలోంచి వచ్చినవి మళ్లీ మొదలవుతాయి.