పేగు వాపు తగ్గినా కడుపు ఇంకా ఇబ్బంది పెడుతుంటే తిండిని ఎలా మార్చుకోవాలి

ఐబీడీ (పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే జబ్బు) అదుపులోనే ఉందని డాక్టర్ చెప్పారు, కొలనోస్కోపీలో (కెమెరా గొట్టంతో పెద్దపేగు చూసే పరీక్ష) పుండ్లు మానినట్టే కనిపించాయి, అయినా తిన్న కాసేపటికే ఉబ్బరం, గ్యాస్, మెలిపెట్టే నొప్పి, మధ్యలో విరేచనాలు. ఇది మీ భ్రమ కాదు. ఐబీడీలోని రెండు రకాలైన క్రోన్స్ ఉన్నా, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నా చాలామందికి ఇలాగే ఉంటుంది.

తిండి జోలికి వెళ్లేముందు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపును సూచించే ప్రొటీన్) పరీక్ష చేయించుకోండి. అది బాగా ఎక్కువుంటే వాపు మళ్లీ మొదలై ఉండొచ్చు, అప్పుడు మాట్లాడాల్సింది మందుల గురించి. మలంలో రక్తం పడినా, జ్వరం వచ్చినా, బరువు తగ్గుతున్నా అంతే. చిన్నపేగు చివరి భాగం ఆపరేషన్‌లో తీసేసి ఉంటే పైత్యరసం పెద్దపేగులోకి జారి నీళ్ల విరేచనాలు అవుతుంటాయి, దానికి మందులు వేరే ఉన్నాయి, తప్పకుండా అడగండి. పేగు సన్నబడిన చోటు ఉన్నవాళ్లు పీచు ఎంత తినాలో కూడా ముందే తెలుసుకోవాలి.

ఇవేవీ కావని తేలితే తక్కువ ఫాడ్‌మ్యాప్ ఆహారం ప్రయత్నించొచ్చు. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు రూపొందించిన పద్ధతి ఇది. ఫాడ్‌మ్యాప్‌లు అంటే కొన్ని రకాల పిండిపదార్థాలు, చక్కెరలు; ఇవి చిన్నపేగులో సరిగా ఇంకక నీటిని లాక్కుంటాయి, పెద్దపేగులో బ్యాక్టీరియా వాటిని పులియబెడితే గ్యాస్ పుడుతుంది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పుదినుసులు, పాలు, ఆపిల్, తేనె, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లలో ఇవి ఎక్కువ. వీలైతే డైటీషియన్ సాయంతో ఈ పదార్థాలను 2 నుంచి 6 వారాలు ఆపి అన్నం, గుడ్లు, చేపలు, క్యారెట్, బంగాళాదుంప, లాక్టోజ్ (పాలలోని చక్కెర) లేని పాలు తీసుకోండి. వెల్లుల్లి రుచి లేకపోతే ముద్ద దిగదంటే, రెబ్బల్ని నూనెలో వేయించి తీసేసి ఆ నూనె వాడుకోండి, ఇబ్బంది పెట్టే పదార్థం నూనెలో కరగదు.

కాస్త తేలిక కనిపించగానే భయంతో చాలామంది అక్కడే ఆగిపోతారు. దయచేసి ఆగకండి, ఎక్కువకాలం ఇలాగే తింటే పేగులోని మంచి బ్యాక్టీరియా తగ్గుతుంది, అసలే ఐబీడీతో నీరసించిన ఒంటికి పోషకాలు ఇంకా కరువవుతాయి. అందుకే ఒక్కోటీ వెనక్కి తెచ్చుకోండి. పాలతో మొదలుపెడితే మొదటిరోజు కొంచెం, మర్నాడు ఇంకాస్త, మూడోరోజు మామూలుగా తాగేంత, తర్వాత రెండు మూడు రోజులు విరామం, ఆపైనే తర్వాతిది. ఉల్లి, వెల్లుల్లి విడివిడిగా పరీక్షించండి, ఒకటి పడకపోయినా రెండోది పడొచ్చు. ఏది ఎంత తింటే ఏమైందో రాసుకోండి, చాలాసార్లు పూర్తిగా మానాల్సిన పనుండదు, కొంచెమైతే సరిపడుతుంది.

6 వారాలైనా ఏ తేడా లేకపోతే ఈ పథ్యం వదిలేసి మామూలుగా తినండి, మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లి వేరే కారణాలు వెతకమనండి.