నటనను పోల్చడం ఎలా? మూడో పాఠం: ముగ్గురు దేవదాసులు

కిందటి పాఠంలో నవలలోంచి ఒక్క సీన్ ఎంచుకుని, అందులో రచయిత చెప్పినవి ఒక పక్క, చెప్పకుండా వదిలేసినవి ఇంకో పక్క రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఇవాళ దానితోనే పని.

మన నవల శరత్ 'దేవదాసు'. 1917లో బెంగాలీలో అచ్చయింది. సినిమాలకైతే లెక్కే లేదు. 1935లో పి.సి. బారువా బెంగాలీలో తీసి తనే నటించాడు, ఆయన హిందీలో తీసినదానికి సైగల్ హీరో. 1974లో తెలుగులో కృష్ణ కూడా వేశారు. అన్నీ ముందేసుకుంటే తల తిరుగుతుంది కాబట్టి ముగ్గురు చాలు: 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన తెలుగు సినిమాలో అక్కినేని, 1955లో బిమల్ రాయ్ తీసిన హిందీ సినిమాలో దిలీప్ కుమార్, 2002లో భన్సాలీ తీసిన హిందీ సినిమాలో షారుఖ్ ఖాన్.

దేవదాసు అనగానే అందరూ తాగుడు సీన్ల మీదికే పోతారు. నేనూ మొదట్లో అదే చేశాను, ఓ నోటుబుక్కు మొత్తం దండగయింది. ఆ సీన్లలో పాట, లైటింగ్, డైలాగ్ కలిసి సగం పని చేసేస్తాయి. మన దేవదాసులో ఆ సీన్లను వేదాంతం రాఘవయ్య రాత్రిపూట తీశారని చెబుతారు, కళ్లు బరువెక్కి కనిపించడం కోసం. మరి ఆ రెప్పల బరువులో నటన ఎంత, నిద్ర ఎంత? అయితే నిద్ర కళ్లనే వాలుస్తుంది గానీ, మాట ఎక్కడ తెంపాలో చెప్పదు. అది అక్కినేనిదే.

అందుకే మందు జోలికి పోకుండా, కథలో ముందే వచ్చే ఒక రాత్రి తీసుకుందాం. పార్వతి ఒంటరిగా దేవదాసు గదికి వస్తుంది. నవలలో భయమంతా అతనిదే. నిన్నెవరైనా చూశారా అని కంగారు పడతాడు. ఆమె నిబ్బరంగా ఉంటుంది. అతను ఆమెను ప్రేమిస్తున్నాడా లేదా అన్నది మాత్రం శరత్ అక్కడ తేల్చడు. ఆ ఖాళీని నటుడు నింపాలి.

ఇప్పుడు సౌండ్ తీసేసి మూడు సినిమాల్లోనూ ఆ సీన్ చూడండి. ఆమె రాగానే అతని చూపు ముందు ఎటు పోయింది? ఆమె మీదికా, తలుపు వైపా? చేతులు ఏం చేస్తున్నాయి? రాసుకున్నాక బొమ్మ చూడకుండా గొంతు మాత్రమే వినండి. దిలీప్ కుమార్ గొంతు తగ్గించి, సగం లోపలే దాచుకుంటాడు. షారుఖ్ ఏదీ దాచుకోడు, బాధ ఉన్నదంతా పైకే. కొందరికి అది అతిగా అనిపిస్తుంది, కానీ భన్సాలీ వేసిన అంతంత సెట్ల మధ్య గొణిగితే ఎవరికి వినపడుతుంది?

వయసు కూడా చూడాలి. ఆ రాత్రి నవలలో దేవదాసు ఇరవై కూడా దాటని కుర్రాడు. తండ్రికి భయపడ్డాడంటే నమ్ముతాం. అక్కినేనికి అప్పటికి 29, షారుఖ్‌కి 36. అదే వెనకడుగు ఆ వయసు ముఖంలో పిరికితనంలా కనిపిస్తుంది. ముగ్గురిలో ఆ కుర్రతనానికి దగ్గరగా వచ్చింది అక్కినేనే అని నా లెక్క. మీకు వేరేలా అనిపిస్తే ఏ క్షణంలో అనిపించిందో టైమ్‌తో సహా రాయండి.

ఇక తీసివేతలు. కథ మార్చినందుకు నటుడికి మార్కులు వేయకూడదు, కోయకూడదు. నవలలో దేవదాసు చదివింది కలకత్తాలో, భన్సాలీ లండన్ నుంచి దింపాడు. నవలలో పార్వతి, వేశ్య చంద్రముఖి ఒకరికొకరు ఎదురుపడరు. బిమల్ రాయ్ సినిమాలో దారిలో మాట లేకుండా దాటిపోతారు. భన్సాలీ సినిమాలో కలిసి నాట్యమే చేస్తారు. కాబట్టి చంద్రముఖిగా 1955లో వేసిన వైజయంతిమాలను, 2002లో వేసిన మాధురిని పోల్చేటప్పుడు ఆ నాట్యం పాట పక్కన పెట్టండి. అన్నట్టు, చంద్రముఖి పాత్రకు సహాయ నటిగా ఫిలింఫేర్ ఇస్తే వైజయంతిమాల తీసుకోలేదు. తనది సహాయ పాత్ర కాదని ఆమె వాదన. ఆ మాట నిజమో కాదో ఒకసారి సినిమా చూసి మీరే తేల్చండి.

వచ్చే పాఠం పార్వతులది: సావిత్రి, సుచిత్రా సేన్, ఐశ్వర్య. అప్పటిలోగా నుదుటి గాయం సీన్ చూసి రండి. నవలలో దేవదాసు చేపలు పట్టే గాలపు కర్రతో కొడతాడు, 2002లో నగతో. దెబ్బ తగిలిన మరుక్షణం పార్వతి ముఖంలో ఏముందో మూడంటే మూడు మాటల్లో రాయండి. 'బాధ' అనే మాట వాడొద్దు.