పాత కచేరీ ప్లాను గీసిందెవరు: బ్రిటిష్ కాలపు ప్రభుత్వ ఆర్కిటెక్టు జీవితాన్ని కాగితాల నుంచి వెలికితీసే పద్ధతి

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ పాత కచేరీనో, కోర్టునో, ఆసుపత్రినో చూపించి దీన్ని కట్టిందెవరని అడిగితే అప్పటి కలెక్టరు పేరో, మహారాజావారి పేరో, ఏదీ కాకపోతే ‘దొరలు కట్టారు’ అన్న మాటో వినిపిస్తుంది. ప్లాను గీసి, ఎస్టిమేటు వేసి, పని సాగినన్నాళ్ళూ పైవారికి ఉత్తరాలు రాసిన ఉద్యోగి పేరు మాత్రం వినపడదు. అలాంటి ఉద్యోగి ఒకరి జీవితాన్ని కాగితాల ఆధారంతో రాయదలచినవారు ఏ వరుసలో పని చేయాలో ఇక్కడ చెబుతున్నాను. ఈ పనిని ఎక్కువగా చెడగొట్టేది తొందర. మద్రాసులో పేరు మోసిన ఆర్కిటెక్టు ఒకడు కనబడగానే ఊళ్ళో ఉన్న ప్రతి ఎర్ర ఇటుకల భవనాన్నీ అతని ఖాతాలో వేసేయాలనిపిస్తుంది. అందుకే పరిశోధనను మనిషితో కాక భవనంతో మొదలుపెట్టమంటాను.

మొదట తేల్చుకోవలసింది ఆ భవనం కట్టిన నాడు ఎవరిదన్నది. విజయనగరం 1802 నాటి పర్మనెంట్ సెటిల్‌మెంటు (శాశ్వత శిస్తు ఒప్పందం) కింద ఉన్న పెద్ద జమీందారీ కనుక, మహారాజావారు సొంత ఖర్చుతో కట్టించిన వాటి లెక్కలు సంస్థానం దస్తావేజుల్లో ఉంటాయి తప్ప ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖ ఫైళ్ళలో ఉండవు. 1885 నాటి గంటస్తంభం గురించి పబ్లిక్ వర్క్స్ శాఖ ఫైళ్ళలో వెదకడం మొదలుపెడితే నెలలు వృథా అవుతాయి. సంస్థానాలు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ (వారసులు మైనర్లైనప్పుడు, అలాంటి మరికొన్ని పరిస్థితుల్లో ఎస్టేటును చూసే ప్రభుత్వ సంస్థ) ఆధీనంలోకి వెళ్ళిన కాలాల్లో మాత్రం ఆ ఖర్చుల ఉత్తరప్రత్యుత్తరాలు రెవెన్యూ బోర్డు కాగితాల్లోకి చేరాయి. స్టేషన్లు, రైల్వే క్వార్టర్లు రైల్వే ఇంజనీర్ల పని. 1890ల్లో మన వైపు పడిన ఈస్ట్ కోస్ట్ లైను తరువాత బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్ళింది, దాని ప్రధాన కార్యాలయం కలకత్తాలో ఉండేది. చర్చీలు, మిషన్ బంగళాలు కెనడా బాప్టిస్టు మిషన్ వంటి సంస్థలవి. ఇవన్నీ పక్కన పెట్టగా మిగిలిన కచేరీలు, కోర్టులు, జైళ్ళు, ఆసుపత్రులే ప్రభుత్వ ఆర్కిటెక్టు పేరు దొరికే అవకాశం ఉన్నవి.

రెండోది జిల్లా. శ్రీకాకుళం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు గంజాం జిల్లాలో ఉండేది. తరువాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో వేరు జిల్లా అయింది. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది. కనుక 1900 నాటి శ్రీకాకుళం కోర్టు గురించి వెదికేవారు విశాఖపట్నం దస్త్రాలు తిరగేస్తే ఏమీ దొరకదు. గంజాం కలెక్టరు ఛత్రపురం నుంచి రాసిన ఉత్తరాలు చూడాలి. వీటిలో కొన్ని చెన్నైలోనూ, కొన్ని భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనూ ఉన్నాయి. ఇంగ్లీషు సూచికల్లో శ్రీకాకుళం చికకోల్ అనీ, విశాఖపట్నం విజగపటం అనీ ఉంటుంది. విజయనగరం కోసం వెదికినప్పుడు హంపీ విజయనగరం కాగితాలు కుప్పలుగా వచ్చి పడతాయి కనుక జిల్లా పేరు కూడా జోడించి వెదకడం మంచిది.

ఇక ఆ ఉద్యోగం సంగతి. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో ప్రభుత్వ భవనాలు ఎక్కువగా ఇంజనీర్లే కట్టారు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అతని కింద అసిస్టెంటు ఇంజనీరు, సూపర్‌వైజరు, ఓవర్సీరు, చివర తాపీ మేస్త్రి. చాలా తాలూకా కచేరీలకు ఖరారైన నమూనా ప్లాన్లుండేవి, స్థలాన్ని బట్టి వాటినే కాస్త మార్చుకునేవారు. ప్రభుత్వానికి కన్సల్టింగ్ ఆర్కిటెక్టుగా నిలిచిన మొదటి పెద్ద పేరు రాబర్ట్ ఫెలోస్ చిషోమ్ (1840–1915). 1864లో ప్రెసిడెన్సీ కాలేజీకి, సెనేట్ హౌస్‌కి మద్రాసు ప్రభుత్వం పెట్టిన పోటీలో గెలిచి ఆయన మద్రాసు వచ్చాడు. సెనేట్ హౌస్ 1874లో మొదలై 1879లో పూర్తయింది. మధుర తిరుమల నాయక మహలు మరమ్మతు, తిరువనంతపురం నేపియర్ మ్యూజియం, 1881లో మొదటి ఆర్కిటెక్టు చార్లెస్ మాంట్ చనిపోయిన తరువాత బరోడా లక్ష్మీ విలాస ప్రాసాదాన్ని పూర్తి చేయడం కూడా ఆయన పనులే. ఆయన తరువాత వచ్చిన హెన్రీ ఇర్విన్ (1841–1922) సిమ్లా వైస్రాయి భవనంతో పేరు తెచ్చుకుని, 1892లో పూర్తయిన మద్రాసు హైకోర్టు నుంచి 1912 నాటి మైసూరు ప్యాలెస్ వరకు ఎన్నో కట్టించాడు. మీరు వెదుకుతున్నది వీరినే అయినా, వీరి కింద జిల్లాలో పని చేసిన ఎవరో ఇంజనీరునైనా పద్ధతి ఒకటే. నా మట్టుకు రెండో రకం మనిషి మీద పని చేయడమే మేలనిపిస్తుంది. చిషోమ్ గురించి రాసినవారు చాలామంది ఉన్నారు.

చిషోమ్‌ను మన ఊరితో కలిపే ముడి ఒకటి ఉంది, దాని వల్ల తేదీల సంగతి కూడా తెలుస్తుంది. మద్రాసులోని విక్టోరియా పబ్లిక్ హాలు ప్లాను చిషోమ్‌ది. దానికి పెద్ద విరాళమిచ్చి 1883 డిసెంబరులో శంకుస్థాపన చేసినవారు విజయనగరం మహారాజు ఆనంద గజపతి. కట్టడం పని మాత్రం 1888 నుంచి 1890 దాకా నంబెరుమాళ్ చెట్టి అనే కాంట్రాక్టరు చేతుల మీదుగా జరిగింది. శిలాఫలకం మీది సంవత్సరాన్ని చూసి భవనం 1883 నాటిదని రాస్తే, పని మొదలైన దానికన్నా అయిదేళ్ళు ముందటిదిగా చూపినట్టవుతుంది. ప్రారంభోత్సవం చూసి 1890లో ఆయన మద్రాసు కొలువులో ఉన్నాడనుకుంటే మరో పొరపాటు, అప్పటికి ఆయన దృష్టి బరోడా మీద ఉంది. కాబట్టి ప్రతి భవనానికీ ప్లాను తేదీ, మంజూరు తేదీ, శంకుస్థాపన, పని మొదలు, ప్రారంభం అని వేర్వేరు గడులు గీసుకుని, ఆధారం దొరికిన గడినే నింపండి. శిలాఫలకం మీద చెక్కేది గవర్నరు పేరో, దాత పేరో. ప్లాను గీసినవాడికి అక్కడ చోటుండదు.

కాగితాలకు ముందు భవనాన్ని చూడండి. వాడుకలో ఉన్న ప్రభుత్వ భవనమైతే సంబంధిత అధికారి అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, మధ్యాహ్నపు ఎండ తగ్గిన వేళ టార్చిలైటుతో వెళ్ళాలి. పైకప్పు ఎలా వేశారో మొదట గమనించండి. టేకు దూలాల మీద చిన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేర్చితే అది మద్రాసు టెర్రస్. ఇనుప దూలాల మధ్య చిన్న చిన్న ఇటుక ఆర్చీలు కనిపిస్తే అవి జాక్ ఆర్చీలు, సాధారణంగా తరువాతి కాలానివి. ఆ ఇనుప దూలం పక్కభాగం మీద రంగు పొరలు పెచ్చులూడిన చోట లైటు వేసి చూస్తే, పోత పోసిన అక్షరాల్లా ఉబ్బెత్తుగా తయారీదారు పేరు కనబడుతుంది. మిడిల్స్‌బరోకు చెందిన డోర్మన్ లాంగ్ పేరు ఉందనుకోండి, ఆ కంపెనీ 1875లో పుట్టింది కనుక ఆ కప్పు అంతకు ముందుది కాలేదు. మంగళూరు పెంకుల వెనక వైపు ముద్రలతో కూడా ఇలాగే చేయవచ్చు. బాసెల్ మిషన్ పెంకుల ఫ్యాక్టరీ 1865లో మొదలైంది. అయితే మన తీరాన తుపాను వచ్చినప్పుడల్లా పెంకులు మార్చడం మామూలే కనుక పెంకును నమ్మి భవనం వయసు చెప్పకండి. శ్రీకాకుళంలో డచ్ భవనమని పిలిచే కట్టడం లాంటివాటి విషయంలోనూ పిలుపును ఆధారంగా పట్టుకోకూడదు. గోడ మందం, ఇటుక కొలతలు, కప్పు తీరు రాసుకుని ఫొటోలు తీసుకోవడం ఈ దశకు చాలు.

తరువాత రోడ్లు భవనాల శాఖ డివిజను కార్యాలయానికి వెళ్ళాలి. పాత పబ్లిక్ వర్క్స్ శాఖ భవనాలు ఇప్పుడు ఎక్కువగా ఆర్ అండ్ బీ కిందే ఉన్నాయి. వారి భవనాల రిజిస్టరులో భవనం సంఖ్య, కట్టిన సంవత్సరం, వైశాల్యం, ఖర్చు, మరమ్మతుల వివరం ఉంటాయి. నోటిమాటగా అడిగితే ‘పాత రిజిస్టర్లు ఎక్కడున్నాయో చూడాలండీ’ అన్న జవాబు రావచ్చు. సమాచార హక్కు చట్టం కింద ఫలానా భవనం తాలూకు రిజిస్టరు పుట నకలు కావాలని స్పష్టంగా దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వవలసి ఉంటుంది. ‘ఈ భవన చరిత్ర తెలుపగలరు’ అని రాస్తే ఏమీ రాదు. పుట నకలే అడగాలి.

ఆ రిజిస్టరులో దొరికిన సంవత్సరం చేతిలో ఉంటేనే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్ళడం లాభసాటి. మద్రాసు ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖ ప్రొసీడింగ్స్, జీ.ఓ.లు అక్కడున్నాయి. ముందుగా వార్షిక సూచికలో జిల్లా పేరు, ఊరి పేరు, భవనం రకం కింద వెదికి జీ.ఓ. సంఖ్య, తేదీ రాసుకోవాలి. ఆ తరువాతే కట్ట తెప్పించుకోవాలి. మంజూరు సంవత్సరానికి ముందు రెండు మూడేళ్ళు, తరువాత రెండు మూడేళ్ళు చూడకుండా లేవకండి, ఎందుకంటే మొదటి ఎస్టిమేటు తిరస్కరించి ఖర్చు తగ్గించమన్న ఉత్తరంలోనే ఆర్కిటెక్టు తన డిజైనును సమర్థించుకుంటూ రాసిన మాటలు దొరుకుతాయి. మనిషి స్వభావం తెలిసేది అక్కడే. వరండా ఎందుకంత వెడల్పు, సున్నపు పూత బదులు ఇటుకను బయటికే ఎందుకు వదిలాడు, రాయి ఏ కొండ నుంచి తెప్పించాడు అన్నవన్నీ ఆ వాదనలో బయటపడతాయి.

కట్టతో పాటు ప్లాను షీటు దొరికితే దాని కింది మూలను భూతద్దంతో చూడండి. గీసినవారు, ట్రేసు చేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు అని వేర్వేరు సంతకాలు, పొడి అక్షరాలు, తేదీలు, స్కేలు ఉంటాయి. అన్నిటికన్నా పెద్దగా ఉన్న సంతకం తరచు ఆమోదించిన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుది. దాన్నే రూపకర్త పేరనుకుని చాలామంది రాసేస్తుంటారు. డ్రాఫ్ట్స్‌మన్ పొడి అక్షరాలు తెలుగు, తమిళ పేర్లవి కావచ్చు. వాటిని కూడా రాసుకోండి. దొరతో పాటు బల్ల దగ్గర కూర్చుని గీతలు గీసిన ఆ ఉద్యోగులకు చరిత్రలో మిగిలింది అంతమాత్రమే.

పేరు తేలిన తరువాత ఉద్యోగ చరిత్ర కడతాం. మద్రాసు సివిల్ లిస్టు (ప్రభుత్వోద్యోగుల జాబితా), ఆసైలం ప్రెస్ ఆల్మనాక్ (ఏటా అచ్చయిన మద్రాసు డైరెక్టరీ) ఏడాదికేడాది చూసి, ఒక్కొక్క సంవత్సరానికీ హోదా, ఊరు, జీతం, సెలవు అన్న నాలుగు వివరాలు పట్టికగా రాసుకోవాలి. లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ దస్త్రాల్లో ఉద్యోగుల సేవా చరిత్రల సంపుటాలు కూడా ఉన్నాయి. ఫర్లో సెలవులను, అంటే స్వదేశానికి వెళ్ళడానికి ఇచ్చే దీర్ఘకాలపు సెలవులను, అశ్రద్ధ చేయకూడదు. మీ ఆర్కిటెక్టు ఏడాదిన్నర పాటు ఇంగ్లండులో ఉన్న కాలంలో శ్రీకాకుళంలో పునాది లేచిందంటే ఆ పని చూసింది తాత్కాలికంగా ఆ స్థానంలో ఉన్న మరొకరు. మద్రాసు ప్రభుత్వ పత్రిక అయిన ఫోర్ట్ సెంట్ జార్జి గెజెట్‌లో బదిలీలు, సెలవులు తేదీలతో అచ్చయ్యేవి కనుక లిస్టులో సందేహం వస్తే అక్కడ తేల్చుకోవచ్చు.

సొంత జీవితానికి బ్రిటిష్ లైబ్రరీలోనే మద్రాసు ప్రెసిడెన్సీ బాప్తిస్మ, వివాహ, ఖనన రిజిస్టర్లు ఉన్నాయి. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రిటిష్ ఆర్కిటెక్ట్స్ సభ్యుడైతే అతని సభ్యత్వ దరఖాస్తులో ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడో, అప్పటికి ఏమేం కట్టాడో స్వహస్తంతో రాసి ఉండే అవకాశం ఉంది. అయితే దరఖాస్తులో ఎవరైనా తమ గొప్పే చెప్పుకుంటారు కనుక దాన్ని ప్రభుత్వ కాగితంతో పోల్చి చూడాలి.

చివరగా రాత. ప్రతి భవనం పక్కన ఆధారం ఎంత గట్టిదో తెలిసేలా రాయాలి. సంతకంతో ప్లాను ఉంటే ‘రూపకల్పన చేశాడు’ అనవచ్చు, జీ.ఓ.లో అతని అభిప్రాయం అడిగారని మాత్రమే ఉంటే ‘ప్లానును పరిశీలించాడు’ అనాలి. శైలి పోలిక ఒక్కటే ఉంటే అతని పేరు ఎత్తకపోవడమే మర్యాద. గుమ్మటాలూ ఆర్చీలూ కలిపిన ఇండో సారసెనిక్ శైలిని 1880ల తరువాత ఎందరో అనుకరించారు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలోని బృందావన ప్రాసాదం చిషోమ్ ప్లానే అని చెప్పుకోవడం మన వైపు వినిపిస్తుంది. అలాంటి మాటకు చోటివ్వాలంటే ప్లాను షీటో, సంస్థానం చెల్లించిన ఫీజు పద్దో చూపించాలి. ఆనాటి పర్లాకిమిడి కూడా గంజాం జిల్లాలోదే కనుక శ్రీకాకుళం కోసం తెరిచిన కట్టల్లోనే దాని ప్రస్తావన తగలవచ్చు, ఒక కన్ను వేసి ఉంచండి. రాసిన దానిలో ప్రతి వాక్యానికీ జీ.ఓ. సంఖ్య, తేదీ, పుట అడుగున ఇచ్చి, భవనం ఫొటోలతో సహా ఒక ప్రతిని జిల్లా గ్రంథాలయానికి, ఒక ప్రతిని ఆర్ అండ్ బీ డివిజను కార్యాలయానికి ఇవ్వండి. రేపు ఆ భవనాన్ని కూల్చాలనో, సిమెంటు పూయాలనో ప్రతిపాదన వచ్చినప్పుడు ఇంజనీరు ముందు పెట్టడానికి పనికొస్తుంది.