పిల్లాడు ప్రతిదానికీ ఎదురు తిరుగుతుంటే కారణం ఎక్కడ వెతకాలి?

మావాడికి ఎనిమిదేళ్లు. "స్నానానికి రా" అంటే "రాను". "ఫోన్ ఇవ్వు" అంటే కుర్చీని ఒక్క తన్ను. కూకట్‌పల్లి ఫ్లాట్లలో గోడలు పల్చన కదా, మా గొడవల టైమింగ్స్ పక్కింటివాళ్లకీ కంఠతా వచ్చు. విసిగిపోయి రెండు వారాలు నోట్‌బుక్‌లో రాశాను: ఎప్పుడు, ఎవరితో, ముందు ఏమైంది, చివరికి వాడికి ఏం దక్కింది. మీరూ ముందు ఈ నాలుగు గడులు నింపండి.

సమస్య: బడిలో బుద్ధిమంతుడు, ఇంట్లోనే రాద్ధాంతం.

కారణం: మా విషయంలో మేమే. చివరి గడి నిండా "ఫోన్ ఇచ్చేశాం" అనే ఉంది. నేను వద్దంటాను, వాడు అరుస్తాడు, నేనూ అరుస్తాను, ఈలోగా అత్తయ్య "పోనీలేమ్మా, పసివాడు" అని చేతిలో పెట్టేస్తారు. అరిస్తే పనవుతుందని వాడికి అర్థమైపోయింది.

పరిష్కారం: వంటింట్లోంచి కేకేయకుండా దగ్గరికెళ్లి ఒక్క పని చెప్పండి. చేస్తే అప్పటికప్పుడే మెచ్చుకోండి. వద్దన్నది ఇంట్లో అందరి నోటా వద్దే. మొదట్లో గొడవ తగ్గకపోగా పెరగొచ్చు, చాలామంది అక్కడే వదిలేస్తారు. కొట్టడం వల్ల ఎదురుతిరగడం ఇంకా ముదురుతుంది.

సమస్య: పుస్తకం తీయమంటేనే తిరగబడతాడు.

కారణం: డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది), వినికిడి లోపం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు లేకపోవడం) ఏదైనా కావచ్చు. "నాకు రాదు" అనడం కన్నా "చేయను" అనడం పిల్లలకి తేలిక.

పరిష్కారం: తిట్లు ఆపి పరీక్షలు చేయించండి. ఏడీహెచ్‌డీకి వైద్యం జరిగితే మొండితనమూ తగ్గొచ్చు.

మొన్నటిదాకా బాగుండి హఠాత్తుగా మారితే బడిలో ఏడిపింపు, ఇంట్లో తగాదాలు, నిద్ర చాలకపోవడం చూడండి. 6-12 ఏళ్లవాళ్లకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఎదురుగా నిలబెట్టి అడిగితే చెప్పరు. మావాడైతే స్కూటీ వెనక కూర్చున్నప్పుడే నోరు విప్పుతాడు.

మరి ఈ ఎదురుతిరగడాన్ని జబ్బు (ఓడీడీ, అంటే అపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్) అని ఎప్పుడంటారు? అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే నిర్ధారణ పుస్తకం లెక్కలో కోపం, వాదన, కక్ష వంటి 8 లక్షణాల్లో కనీసం 4, ఆరు నెలలపాటు ఉండాలి. ఐదేళ్లు దాటినవాళ్లలో వారానికి ఒక్కసారైనా కనిపించాలి. తోబుట్టువులతో కొట్లాట ఒక్కటే అయితే లెక్కలోకి రాదు. ఓడీడీ ఒక్కటే ఉంటే ముందుగా మందులు రాయరు, తల్లిదండ్రులకే శిక్షణ ఇస్తారు.

"ఎర్రగడ్డకి (అక్కడి మానసిక ఆసుపత్రికి) పంపాలి" అని మన ఊళ్లో వేసే జోకు వల్లే సగంమంది డాక్టరు గడప తొక్కరు. మొహమాటమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి, వాళ్లు అడిగేవాటికి ఆ నాలుగు గడులు పనికొస్తాయి.