మాయిస్ట్ ఎక్కడ, డ్యాంప్ ఎక్కడ

గోడ చెమ్మగిల్లిందంటాం, కళ్ళు చెమ్మగిల్లాయనీ అంటాం. ఇంగ్లిష్‌లో మాత్రం గోడ డ్యాంప్, కళ్ళు మాయిస్ట్. రెండూ కొద్దిపాటి తడే. మాట ఎంచుకునే ముందు ఆ తడి అక్కడ ఉండాల్సిందేనా అని అడగండి.

ఉండాల్సిందే అయితే మాయిస్ట్. మెత్తగా, ఎండిపోకుండా ఉన్న కేక్ మాయిస్ట్. దాన్ని డ్యాంప్ అంటే సరిగా ఉడకలేదేమో అనిపిస్తుంది. విత్తనానికి పదునుగా ఉన్న నేల మాయిస్ట్ సాయిల్: పిడికిట్లో నొక్కితే ముద్దకట్టి, వేలితో పొడిస్తే విడిపోయే మట్టి.

ఉండకూడని తడి డ్యాంప్. ముసురుకు ఆరని బట్టలు డ్యాంప్, మాయిస్ట్ అనరు. పునాది నుంచి గోడలోకి పాకే నెమ్ము రైజింగ్ డ్యాంప్. దాన్ని ఆపడానికి గోడ మొదట్లో వేసే పొరే మేస్త్రీలు చెప్పే డీపీసీ, అంటే డ్యాంప్ ప్రూఫ్ కోర్స్. నారుమడిలో ఈ తేడా బాగా తెలుస్తుంది. మడి మాయిస్ట్‌గా ఉంటే మొలక వస్తుంది. నీరు ఇంకక మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటే పితియం వంటి, శిలీంధ్రాలను పోలిన సూక్ష్మజీవులు చేరి మొక్క మొదట్లో మెత్తబడి పడిపోతుంది. మన నారుకుళ్ళు తెగులుకు ఇంగ్లిష్ పేరు డ్యాంపింగ్ ఆఫ్.

ఈ సూత్రానికి లొంగని మాట డ్యాంప్ క్లాత్. ఇక్కడ తప్పొప్పుల ఊసు లేదు, కొలతే ముఖ్యం: తడిపి, చుక్క కారకుండా గట్టిగా పిండిన గుడ్డ. టీవీ వాడకం పుస్తకంలో దీన్ని ‘తడిగుడ్డ’ అని అనువదిస్తే నీళ్ళోడే గుడ్డతో తుడుస్తారు, నీరు తెర అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. ‘తడిపి పిండిన గుడ్డ’ అని రాయండి.

క్రియల్లో పెదవులు తడుపుకోవడం మాయిసెన్. ఇస్త్రీకి ముందు బట్టల మీద నీళ్ళు చిలకరించడం డ్యాంపెన్. ఉత్సాహం మీద నీళ్ళు చల్లడమూ డ్యాంపెనే.

వాతావరణానికి మాయిస్ట్ అంతగా వాడరు. మే నెలలో విజయవాడ ఉక్కపోత హ్యూమిడ్, డిసెంబరులో అరకు పొగమంచు డ్యాంప్.

బొగ్గు గనుల గురించి చదివేటప్పుడు ఫైర్‌డ్యాంప్ అని కనిపిస్తే తేమ అనుకోకండి. డ్యాంప్‌కు ఆవిరి, వాయువు అన్న పాత అర్థం అక్కడ మిగిలిపోయింది. అది మంటలు రేపే మీథేన్ వాయువు.