డిస్క్‌కు పనిలేదు, ప్రాసెస్‌లు కదలవు: స్టోరేజీ డ్రైవర్‌లో డెడ్‌లాక్ ఎక్కడ పడిందో పట్టుకోవడం

లక్షణం

డెడ్‌లాక్ అంటే ఒకరి చేతిలో ఉన్నదాని కోసం ఇంకొకరు ఎదురుచూస్తూ ఎవరూ కదలలేని చిక్కు. డిస్కును నడిపే కెర్నల్ కోడ్ అయిన స్టోరేజీ డ్రైవర్‌లో అది పడితే ఇలా కనబడుతుంది. సర్వర్ బతికే ఉంటుంది, పింగ్ కొడితే పలుకుతుంది. సీపీయూ ఖాళీగా ఉన్నా లోడ్ యావరేజ్ (నడుస్తున్నవి, డిస్కు కోసం ఆగినవి కలిపి ప్రాసెస్‌ల సగటు లెక్క) మాత్రం పెరుగుతూనే పోతుంది. డిస్కు లెక్కలు చూపే ఐఓస్టాట్‌లో చదవడం, రాయడం రెండూ సున్నా. ఒకదాని తర్వాత ఒకటిగా ప్రాసెస్‌లు డీ స్టేట్‌లోకి, అంటే సిగ్నల్ పంపినా లేవని నిద్రలోకి, జారుతుంటాయి. కిల్ మైనస్ తొమ్మిది కొట్టినా చావవు. కాసేపటికి కెర్నల్ లాగ్‌లో ఫలానా టాస్క్ 120 సెకన్లకు పైగా ఆగిపోయి ఉందని మెసేజ్ పడుతుంది. మార్చకపోతే లైనక్స్ హంగ్ టాస్క్ డిటెక్టర్‌కు ఉండే గడువు అదే.

ఇది చూడగానే చాలామంది డిస్కు పోయిందని తేల్చి మార్చేస్తారు. కొత్త డిస్కుతో కొన్నాళ్లు బాగా నడుస్తుంది, తర్వాత మళ్లీ అదే కథ. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: డిస్కు నెమ్మదించిందా, బిగుసుకుపోయిందా? సిస్ ఫైల్‌సిస్టమ్‌లో ఆ డిస్కు పేరు కింద స్టాట్, ఇన్‌ఫ్లైట్ అని రెండు ఫైళ్లుంటాయి. పది సెకన్ల తేడాతో రెండుసార్లు చదవండి. స్టాట్‌లో పూర్తయిన రిక్వెస్టుల లెక్క కొంచెమైనా కదిలితే అది నెమ్మది మాత్రమే. లెక్క కదలకుండా ఇన్‌ఫ్లైట్‌లో అదే అంకె నిలబడి ఉంటే, రిక్వెస్టులు డ్రైవర్ దాకానో హార్డ్‌వేర్ దాకానో వెళ్లి అక్కడే చిక్కుకున్నాయి. ఇన్‌ఫ్లైట్ సున్నా, ప్రాసెస్‌లు మాత్రం డీ స్టేట్‌లో ఉంటే, చాలావరకు అవి డ్రైవర్ గడప తొక్కకముందే లాక్ కోసమో, మెమరీ కోసమో, ట్యాగ్ (క్యూలో ప్రతి రిక్వెస్టుకూ ఇచ్చే నంబరు చీటీ) కోసమో ఆగాయని అర్థం.

రీబూట్ కొట్టకముందు

రీబూట్ చేస్తే సాక్ష్యమంతా పోతుంది. ప్రాక్ కింది సిస్‌రిక్యూ ట్రిగ్గర్ ఫైలులోకి డబ్ల్యూ అక్షరం రాస్తే, ఆగిపోయిన ప్రతి టాస్క్ స్టాక్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే వరస) కెర్నల్ లాగ్‌లోకి వస్తుంది. కానీ ఆ లాగ్ భద్రపరచాల్సింది కూడా బిగుసుకున్న ఆ డిస్కు మీదే. డీమెసేజ్ ప్రోగ్రామ్ అప్పటికే మెమరీలో లేకపోతే దాన్ని చదవబోయి మీ షెల్ కూడా ఇరుక్కుంటుంది. అందుకే డ్రైవర్ పని మొదలుపెట్టిన రోజే లాగ్‌ను డిస్కుతో పనిలేకుండా బయటికి పంపే సీరియల్ కన్సోల్ గానీ నెట్‌కన్సోల్ గానీ పెట్టుకోండి. ఇది లేకుండా డెడ్‌లాక్ వెతకడం వృథా శ్రమ.

స్టాక్‌లో పై వరసలు చూస్తే దేనికోసం ఆగిందో తెలుస్తుంది. ట్యాగ్ తీసుకునే ఫంక్షన్ కనబడితే క్యూ నిండింది. మెంపూల్ (ముందే పక్కన పెట్టుకున్న మెమరీ నిల్వ) కనబడితే మెమరీ. మ్యూటెక్స్ అయితే లాక్. ఫ్రీజ్ వెయిట్ అయితే ఎవరో క్యూను ఆపి, ఉన్న రిక్వెస్టులన్నీ అయిపోవాలని కూర్చున్నారు. అయితే అసలు ప్రశ్న ఇక్కడి నుంచే మొదలవుతుంది: ఆ వస్తువు ఎవరి చేతిలో ఉంది, వాళ్లు దేనికోసం ఆగారు? ఒక స్టాక్ నుంచి ఇంకో స్టాక్‌కు ఇలా వెళ్తూ మొదటిదానికే తిరిగి వస్తే, దొరికినట్టే.

మూలం ఒకటే

తిరుపతి వాళ్లకు ఇది చెప్పడం తేలిక. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. పైన బండ్లు ఎంత నిండినా దిగేవి దిగుతూ ఉంటేనే కొత్తవాటికి చోటు. స్టోరేజీ డ్రైవర్‌లోనూ రిక్వెస్ట్ ఎక్కే దారి ఒకటి, పూర్తయి దిగే దారి ఒకటి. దిగే దారిలోని కోడ్, ఎక్కేవాళ్లు పట్టుకుని ఉన్న దేనికోసమూ ఎదురుచూడకూడదు. నేను చూసిన స్టోరేజీ డెడ్‌లాక్‌లలో ఎక్కువ భాగం ఈ ఒక్క నియమం తప్పినవే.

మెమరీ అడిగిన చోట

అన్నిటికంటే మోసపూరితమైనది ఇదే. మామూలు పరీక్షల్లో ఎప్పటికీ బయటపడదు. మా దగ్గర ప్రాజెక్టు చేస్తున్న అమ్మాయి ఒకరోజు వచ్చి, "అన్నా, చిన్న ఫైళ్లు బాగానే రాస్తోంది. రెండు జీబీ ఫైలు కాపీ చేస్తే మాత్రం బిగుసుకుంటోంది," అంది. తన వర్చువల్ మెషీన్‌కు ఇచ్చింది 512 ఎంబీ.

"స్టాక్ తియ్యమ్మా. కింది నుంచి పైకి చదువు."

"కింద వర్కర్ థ్రెడ్. దానిపైన మన డ్రైవర్ ఫంక్షన్. ఆ పైన మెమరీ అడిగే కేమాలాక్. ఆ పైన డైరెక్ట్ రిక్లెయిమ్, స్వాప్ రాయడం, బయో అనే డిస్కు రిక్వెస్ట్ సబ్మిట్ చేయడం... అన్నిటికీ పైన ట్యాగ్ కోసం ఆగింది."

"స్వాప్ ఎక్కడ పెట్టినావు?"

"మన డిస్కు మీదే," అని చెప్తూనే తనకు అర్థమైపోయింది.

వర్కర్ చేతిలో ఉన్న రిక్వెస్టులే ట్యాగులన్నీ పట్టుకున్నాయి. వాటిని ముగించడానికి వర్కర్‌కు కాస్త మెమరీ కావాలి. మెమరీ లేదు కాబట్టి కెర్నల్ పాత పేజీలను డిస్కు మీద వాటికి కేటాయించిన స్వాప్‌లోకి పంపబోయింది. ఆ రాతకు ట్యాగ్ కావాలి. ఆ ట్యాగ్ విడిపించాల్సింది అదే వర్కర్.

పరిష్కారం: ఐఓ దారిలో మెమరీ అడిగేటప్పుడు జీఎఫ్‌పీ కెర్నల్ ఫ్లాగ్ వాడొద్దు, మెమరీ కోసం డిస్కు ఐఓ మొదలుపెట్టనివ్వని జీఎఫ్‌పీ నోఐఓ వాడండి. మీ ఫంక్షన్ పిలిచే లైబ్రరీ కోడ్ లోపల ఎక్కడో మెమరీ అడుగుతుంటే ఫ్లాగ్ మార్చడం మీ చేతిలో ఉండదు. అప్పుడు ఆ భాగం మొత్తాన్నీ మెమాలాక్ నోఐఓ సేవ్, రిస్టోర్ అనే రెండు పిలుపుల మధ్య పెట్టాలి. నోఐఓతో చిక్కు తీరుతుంది గానీ మెమరీ దొరుకుతుందన్న హామీ రాదు. ఆ హామీ కోసం ముందే పక్కన పెట్టుకున్న మెంపూల్ కావాలి. కొందరు జీఎఫ్‌పీ అటామిక్ పెట్టి పని అయిపోయిందనుకుంటారు. అది ఎదురుచూడదు నిజమే, కానీ మెమరీ తక్కువైనప్పుడు విఫలమవుతుంది, అప్పుడు ఐఓ ఎర్రర్ ఫైల్‌సిస్టమ్ దాకా పోతుంది.

మెంపూల్‌కూ ఒక షరతు ఉంది. ఒకే థ్రెడ్ ఒకే పూల్ నుంచి మొదటిది విడవకుండా రెండోది అడగకూడదు. అందరూ ఒక్కొక్కటి తీసుకుని రెండోదాని కోసం నిలబడితే పూల్ ఖాళీ, తిరిగిచ్చేవాడు లేడు. ఒకదాని మీద ఒకటి పేర్చిన డ్రైవర్లు రాసేటప్పుడు పొరకో బయోసెట్ (బయోల కోసం ఉండే మెంపూల్) విడిగా పెట్టుకోవాలి. ఇంకో సంగతి: సబ్మిట్ ఫంక్షన్ లోపల ఉండగా మీరు పంపిన బయో వెంటనే కిందికి పోదు, ఆ టాస్క్ జాబితాలో చేరి మీరు బయటికి వచ్చేదాకా ఆగుతుంది. అక్కడే దాని పూర్తి కోసం కూర్చుంటే ఎప్పటికీ రాదు. అలా ఎదురుచూడాల్సిన పనిని వేరే వర్కర్‌కు అప్పగించండి.

ట్యాగులు అయిపోయిన చోట

సాటా డిస్కులు కమాండ్లను వరుసలో పెట్టుకునే ఎన్‌సీక్యూలో ఒకేసారి నడిచే కమాండ్లు 32. ఆ 32 నిండాక, వాటిలో ఒకదాన్ని సరిచేయడానికి డ్రైవర్ అదే క్యూలో ఇంకో కమాండ్ అడిగిందంటే ఇరుక్కున్నట్టే. ఇలాంటి లోపలి కమాండ్ల కోసం రిజర్వ్‌డ్ ట్యాగులు పక్కన పెట్టండి. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీల్లో అడ్మిన్ క్యూ వేరుగా ఉంటుంది, ఐఓ క్యూలు నిండినా అబార్ట్ కమాండ్ వెళ్లగలదు. వేరు క్యూ లేని హార్డ్‌వేర్‌కు ఆ ఏర్పాటు మీరే చేయాలి.

రీసెట్ తనకోసం తానే ఆగిన చోట

స్కజీ డిస్కుకు కమాండ్ గడువు మామూలుగా 30 సెకన్లు. అది దాటాక రికవరీ కోడ్ రంగంలోకి దిగుతుంది. అరుదుగా నడిచే కోడ్ కావడంతో తప్పులు అక్కడే దాగుతాయి. నేను ఎక్కువగా చూసేది: రీసెట్ వర్క్ మొదలవగానే క్యూను ఫ్రీజ్ చేసి, నడుస్తున్న రిక్వెస్టులన్నీ అయ్యేదాకా ఆగడం. ఆ రిక్వెస్టులను ముగించాల్సింది రీసెట్టే కదా! సరైన వరుస వేరు. ముందు క్వయెస్ చేసి కొత్తవి డ్రైవర్‌లోకి రాకుండా ఆపాలి, చిక్కుకున్నవాటిని రద్దు చేసో తిరిగి క్యూలో పెట్టో వదిలించుకోవాలి, కంట్రోలర్ లేచాక క్యూను వదలాలి, ఆ తర్వాతే ఫ్రీజ్ కోసం ఎదురుచూడాలి.

రీసెట్ నడిచే వర్క్‌క్యూను మెమ్ రిక్లెయిమ్ ఫ్లాగ్‌తో తయారు చేయండి. మెమరీ లేక కొత్త వర్కర్ పుట్టలేకపోయినా, దానికి కేటాయించిన రెస్క్యూయర్ థ్రెడ్ పని నడిపిస్తుంది. అలాంటి వర్క్‌క్యూ నుంచి ఆ ఫ్లాగ్ లేని పనిని ఫ్లష్ చేస్తే కెర్నలే లాగ్‌లో హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను తేలిగ్గా తీసుకోకండి. అలాగే ఒక వర్క్ తన లోపలి నుంచే తనను క్యాన్సిల్ వర్క్ సింక్‌తో రద్దు చేసుకోబోతే అక్కడే ఆగిపోతుంది.

స్పిన్‌లాక్ సంగతి

దొరికేదాకా నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే లాక్ స్పిన్‌లాక్. ఇంటరప్ట్ హ్యాండ్లర్ కూడా తీసుకునే స్పిన్‌లాక్‌ను మామూలు దారిలో ఇంటరప్టులు మూయకుండా తీసుకోవద్దు. దీన్ని కెర్నల్‌లోని లాక్ తనిఖీదారు లాక్‌డెప్ పట్టేస్తుంది. 2006లో 2.6.18తో వచ్చినప్పటి నుంచి లాక్‌ల వరుస తప్పులకు దాన్ని మించిన సాధనం లేదు, డ్రైవర్ రాసేవాళ్ల కెర్నల్‌లో దాన్ని నడిపించే ప్రూవ్ లాకింగ్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. అయితే ట్యాగ్ కోసం, మెంపూల్ కోసం జరిగే ఎదురుచూపులు దాని కంటికి ఆనవు. లాక్‌డెప్ మౌనంగా ఉంది కదా అని డెడ్‌లాక్ లేదనుకోవద్దు.

సరిచేశాక పరీక్ష

మీ డ్రైవర్ క్యూ డెప్త్‌ను (ఒకేసారి పట్టే రిక్వెస్టుల సంఖ్య) ఒకటికి దించండి. రెండో రిక్వెస్ట్ అడిగే కోడ్ ఎక్కడున్నా నిమిషంలో బిగుసుకుంటుంది. పేర్చిన డ్రైవర్ అయితే కింద నిజం డిస్కు లేని డమ్మీ అయిన నల్ బ్లాక్ డివైస్‌ను డెప్త్ ఒకటితో పెట్టండి. తర్వాత వర్చువల్ మెషీన్ మెమరీ తగ్గించి, స్వాప్‌ను మీ డిస్కు మీదే పెట్టి, పెద్ద ఫైళ్లు రాయించండి. అది నడుస్తుండగానే ఫెయిల్ ఐఓ టైమౌట్ ఆన్ చేసి రిక్వెస్టులు గడువు దాటేలా చేయండి. మెమరీ కరువు, నిండిన క్యూ, రీసెట్ మూడూ ఒకేసారి పడ్డప్పుడే ఈ లోపాలు బయటికి వస్తాయి. హంగ్ టాస్క్ గడువును మాత్రం సున్నా చేయకండి. దానివల్ల మెసేజ్ ఆగుతుంది, ప్రాసెస్‌లు మాత్రం అలాగే ఉంటాయి. పరీక్ష మెషీన్‌లో దాన్ని 30కి దించి రాత్రంతా నడవనివ్వండి, నెట్‌కన్సోల్ ఇంకో మెషీన్‌కు వెళ్తూ ఉండాలి.