ఆటిజం ఉన్న పిల్లలకు వెటకారం అర్థమయ్యేలా నేర్పడం ఎలా?

ఆటిజం ఉన్నవాళ్లకు వెటకారం అర్థం కాదని చాలామంది ఖాయం చేసేసుకుంటారు. అది నిజం కాదు. 2011లో మనస్తత్వవేత్త పెన్నీ పెక్స్‌మన్ బృందం చేసిన అధ్యయనంలో, మాటలు బాగా వచ్చిన ఆటిజం పిల్లలు వ్యంగ్యంగా అన్న మాటను గుర్తించడంలో తోటి పిల్లలకు తీసిపోలేదు. అయితే వాళ్లు ఆ జవాబుకు చేరుకున్న తీరు వేరుగా ఉంది. తేడా ఎక్కడుందో మరో మనస్తత్వవేత్త ఫ్రాన్సెస్కా హాపే 1993లోనే చూపించారు. "వాడు పులి" లాంటి రూపకం అర్థం కావాలంటే ఎదుటివాడి మనసులో ఏముందో ఊహిస్తే చాలు. వెటకారానికి ఇంకో మెట్టు ఎక్కాలి: "ఈ మాటను నేను ఎలా తీసుకోవాలని ఆయన అనుకుంటున్నాడు?" అన్నది కూడా తేల్చుకోవాలి. అదీ అవతలివాళ్లు తర్వాతి మాటకు వెళ్లిపోయేలోపే.

అందుకే ఇది నేర్పదగ్గ విషయం. 2013లో ఏంజెలా పెర్సికీ, జొనాథన్ టార్బాక్స్ బృందం ముగ్గురు ఆటిజం పిల్లలకు నియమాలు చెప్పి, రకరకాల ఉదాహరణలతో సాధన చేయించి, వెటకారాన్ని గుర్తించడమే కాదు, దానికి తగ్గట్టు బదులివ్వడం కూడా నేర్పింది. ముగ్గురితో చేసిన చిన్న ప్రయత్నమే అయినా పద్ధతి మాత్రం ఇంట్లో వాడుకోదగ్గది.

మొదలుపెట్టే ముందు

ఆటిజం లేని పిల్లలకు కూడా వెటకారం 5–6 ఏళ్ల వయసులో కొద్దికొద్దిగా తెలియడం మొదలై, టీనేజీ దాకా పదునెక్కుతూనే ఉంటుంది. నాలుగేళ్ల పిల్లాడికి రాలేదని కంగారు పడకండి. మీ పిల్లకు మూడు విషయాలు వచ్చాయో లేదో ముందు చూడండి. జరిగింది పూర్తి వాక్యాల్లో చెప్పగలగాలి. నిజానికీ అబద్ధానికీ తేడా తెలియాలి. తనకు తెలిసింది పక్కవాళ్లకు తెలియకపోవచ్చన్న సంగతి పట్టుబడాలి. ఈ మూడోదాన్ని ఇంట్లోనే చూడొచ్చు: చెల్లి బయటికి వెళ్లగానే బిస్కెట్ డబ్బాను అలమరలోంచి తీసి మంచం కింద పెట్టి, "చెల్లి వచ్చి ముందు ఎక్కడ వెతుకుతుంది?" అని అడగండి. "మంచం కింద" అంటే ఇంకా సమయం పడుతుందన్నమాట. స్పీచ్ థెరపిస్టుతో ముందు దానిమీద పని చేయండి. ఈ పునాది లేకుండా వెటకారం నేర్పితే పిల్లలు వాక్యాలు బట్టీ పడతారు, అంతే.

1. అబద్ధానికీ వెటకారానికీ తేడా చెప్పండి

మాటల్ని పట్టి పట్టి వినే పిల్లలకు వెటకారం మొదట అబద్ధంలాగే వినిపిస్తుంది. "అమ్మ అబద్ధం చెప్పింది" అని బాధపడే పిల్లలున్నారు. తేడాను ఒక్క వాక్యంలో చెప్పండి: అబద్ధం చెప్పేవాడు నువ్వు నమ్మాలని చెబుతాడు, వెటకారం చేసేవాడు నువ్వు నమ్మవని తెలిసే అంటాడు.

ఇక్కడ బొమ్మ బాగా పనికొస్తుంది. అమెరికా టీచరు కారల్ గ్రే 1994లో పరిచయం చేసిన పద్ధతి ఇది: పుల్ల మనుషుల్ని గీసి, నోటి దగ్గర ఒక బుడగ, తల పైన ఇంకో బుడగ పెట్టాలి. కిందిదాంట్లో అన్న మాట, పైదాంట్లో అనుకున్న మాట రాయాలి. పాలు పొంగి స్టవ్వంతా పాడైంది. నాన్న నోటి దగ్గర "భలే చూసుకున్నావు పాలు!" అని రాయండి. తల పైన "పాలు పోయాయే, చూసుకోవాల్సింది" అని రాయండి. మొదట రెండూ మీరే రాయండి. కొన్నాళ్లయ్యాక పై బుడగను ఖాళీగా వదిలి పిల్లచేత నింపించండి.

2. మూడు ప్రశ్నలు, ఇదే వరసలో

ఇప్పుడు నిజంగా ఏం జరిగింది?
ఆయన ఏమన్నాడు?
రెండూ కలుస్తున్నాయా?

కలవకపోతే నాలుగోది: ఆయనకు నిజం తెలుసా? తెలియకపోతే అది పొరపాటు. తెలిసీ, నమ్మించాలని చూస్తే అబద్ధం. తెలిసీ, నాకూ తెలుసని ఎరిగే అంటే వెటకారం.

చాలామంది పెద్దలు "గొంతు విను, ముఖం చూడు" అని మొదలుపెడతారు. అది తలకిందుల దారి. గొంతులోని విరుపు, కళ్లలోని నవ్వు పట్టుకోవడమే చాలామంది ఆటిజం పిల్లలకు కష్టం. పైగా నవ్వకుండా, గొంతు మార్చకుండా వెటకారం చేసేవాళ్లు మన ఇళ్లలో కోకొల్లలు. జరిగిన విషయం మాత్రం కళ్లెదుటే ఉంటుంది, మారదు. అక్కడ మొదలుపెట్టి, తర్వాత మాటలకు, చివర్న గొంతుకు, ముఖానికి రండి.

3. తెలుగు వెటకారానికి ఉన్న గుర్తులు

ఇంగ్లిష్ పుస్తకాల్లోని పాఠాలు మన ఇళ్లలో సగమే పనిచేస్తాయి. మన వెటకారానికి దాని గుర్తులు దానికున్నాయి, అవి చాలావరకు మాటల్లోనే కనబడతాయి. నియమంగా చెప్పగలిగేవి కాబట్టి ఆటిజం పిల్లలకు ఇదొక వరం.

అన్నిటికంటే గట్టి గుర్తు, ఉన్నట్టుండి పెరిగిన మర్యాద. రోజూ "ఒరేయ్, లే" అనే నాన్న పది గంటలకు "లేచారా దొరగారూ? కాఫీ మంచం దగ్గరికే పంపించమంటారా?" అన్నాడనుకోండి. నువ్వు నుంచి మీరుకు, మీరు నుంచి తమరుకు మాట ఎగిరింది. ఆ ఎగరడమే గుర్తు. దీన్ని పట్టుకోవాలంటే ఎవరు తనను మామూలుగా ఎలా పిలుస్తారో పిల్లకు తెలియాలి. ఒక కాగితం మీద ఇంట్లో వాళ్ల పేర్లు, ఎదురుగా వాళ్లు రోజూ వాడే పిలుపు రాయించండి. పిల్లల్ని కూడా ముద్దుగా "అండీ" అనే ఇళ్లున్నాయి, మనవణ్ణి ఎప్పుడూ "మహారాజా" అనే అమ్మమ్మలున్నారు. వాళ్ల నోట అది వెటకారం కాదు.

రెండోది, ముందు వచ్చే చిన్న మాటలు: అబ్బో, ఆహా, ఓహో, మహా, "పెద్ద" (పెద్ద చెప్పొచ్చావు). ఇవి ఒంటరిగా సాక్ష్యం కావు, "అబ్బ, ఎంత బాగుందో!" నిజంగా మెచ్చుకోవడమూ కావచ్చు. పై మూడు ప్రశ్నలతో కలిపితేనే వీటికి విలువ.

మూడోది, ఎప్పుడూ వెటకారంగానే వాడే తయారు మాటలు. "చాల్లే సంబడం", "బాగుంది వరస", "నీ తెలివి తెల్లారినట్టే ఉంది", "ఇంకా నయం, ఇల్లు తగలబెట్టలేదు". వీటిని విడమర్చి అర్థం చెప్పడం దండగ. ఒక నోట్‌బుక్కులో మాట ఒక పక్క, అసలు అర్థం ఇంకో పక్క రాసి, వారానికి రెండు మూడు చొప్పున చేర్చుకుంటూ వెళ్లండి. మీ ఇంట్లో, మీ ఊళ్లో వాడే మాటలే రాయండి. తెలంగాణ ఇంట్లో "మస్తు జేసినవ్ తియ్" వినే పిల్లకు కోస్తా మాటల జాబితా పనికిరాదు. గోదావరి జిల్లాల్లో వెటకారం పలకరింపంత మామూలు కాబట్టి అక్కడి పిల్లలకు ఈ నోట్‌బుక్కు మందంగానే తయారవుతుంది. అమెరికాలో పెరిగే పిల్లలకు ఇంకో చిక్కు: స్కూల్లోని ఇంగ్లిష్ వెటకారం అలవాటైనా, సెలవులకు వచ్చినప్పుడు తాతయ్య అన్నమాట అందదు. ప్రయాణానికి నెల ముందే ఈ నోట్‌బుక్కు మొదలుపెట్టండి.

4. రోజూ పది నిమిషాలు

ఒక పూటకు పది వాక్యాలు చాలు. అందులో ఆరు నిజంగా మెచ్చుకునేవీ మామూలువీ, నాలుగు వెటకారం. ఈ పాళ్లు ముఖ్యం. అన్నీ వెటకారాలే ఇస్తే పిల్ల ప్రతి మెచ్చుకోలునూ అనుమానించే ప్రమాదముంది. టీచరు నిజంగా "బాగా గీశావు" అన్నా ముఖం ముడుచుకోవచ్చు. ఇలా నేర్పేటప్పుడు ఈ నష్టం జరగకుండా చూసుకోండి.

మొదటి వారం "ఇప్పుడు ఆట" అని చెప్పి చేయండి. తప్పు చెబితే జవాబు అందించకండి, మూడు ప్రశ్నలు మళ్లీ అడగండి. రెండో వారం నుంచి వేరేవాళ్ల నోట అనిపించండి: నాన్న, బామ్మ, పక్కింటి అక్క. ఒక్క అమ్మ గొంతుతోనే నేర్చుకున్న పిల్ల అమ్మ వెటకారమే గుర్తుపడుతుంది. మూడో వారం నుంచి చెప్పకుండా, పనుల మధ్యలో అనండి. వాన దంచి కొడుతుంటే "బట్టలారేయడానికి భలే ఎండ!" అని ఆగి చూడండి. ఇద్దరు ముగ్గురి నోట, ఎప్పుడూ వినని వాక్యాలతో, వరసగా మూడు రోజులు పదిలో ఎనిమిది సరిగ్గా చెబితే ముందుకు వెళ్లొచ్చు.

అలసటగా ఉన్నప్పుడు, పెళ్లిలాంటి గోలలో, తిట్లు తిన్న వెంటనే సాధన వద్దు. నిన్న పట్టుకున్నదే ఇవాళ అందకపోవడం మొండితనం కాదు, చప్పుడుకే తల నిండిపోయి ఉంటుంది.

5. పట్టుకున్నాక ఏం చేయాలి?

గుర్తుపట్టిన పిల్లలు కూడా ఇక్కడ ఆగిపోతారు. మూడు దార్లు నేర్పండి.

సరదాకైతే నవ్వితే చాలు, తిరిగి ఒక మాట అనగలిగితే మరీ మంచిది. బావ "మా మరదలికి ఎంత సిగ్గో!" అంటే అది ఆట. "దొరగారూ" లాంటి చురకైతే మాటకు జవాబు చెప్పనక్కర్లేదు, చేయాల్సిన పని చేయాలి. బాధపెట్టడానికైతే "అలా అనకు, నాకు నచ్చలేదు" అని అక్కణ్ణుంచి వచ్చేసి పెద్దవాళ్లకు చెప్పాలి.

సరదానా, ఏడిపించడమా అన్నది ఎలా తేలుతుంది? "ఆపు" అంటే ఆపుతున్నారా, రోజూ తనొక్కదాన్నే అంటున్నారా, తను కూడా నవ్వుతోందా అని చూడమనండి. ఆపమన్నా ఆపకపోతే అది ఏడిపించడమే. స్కూల్లో "నువ్వే మా హీరోవి రా" అంటూ చేయకూడని పనులు చేయించే గుంపులుంటాయి. పొగడ్త వెంటనే ఒక పని చేయమని అడిగితే చేయకుండా టీచరు దగ్గరికి వెళ్లాలని ముందే చెప్పి ఉంచండి.

ఎంతకీ తేలకపోతే అడగడం తప్పు కాదు. ఈడువాళ్లతో "నిజంగా అంటున్నావా, సరదాకా?" అనీ, పెద్దవాళ్లతో "నిజంగానే అంటున్నారా అండీ?" అనీ నోటికి వచ్చేదాకా అలవాటు చేయించండి. వాట్సాప్‌లో గొంతూ ముఖమూ ఉండవు కాబట్టి అక్కడ పెద్ద పిల్లలకూ ఈ ప్రశ్నే దిక్కు.

తానే వెటకారం చేస్తానంటే

చేయనివ్వండి. మాటలతో ఆడుకోవడం ఇష్టమైన ఆటిజం పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్ల వెటకారం పదునుగానూ ఉంటుంది. కొందరికి చిక్కు గొంతులో వస్తుంది: స్వరం మారకపోవడంతో విన్నవాళ్లు నిజమనుకుని నొచ్చుకుంటారు. ముందు "అబ్బో" తగిలించడం, అవతలివాళ్లు నవ్వకపోతే వెంటనే "సరదాకన్నాను" అనడం నేర్పండి. మొదట మనుషుల మీద కాకుండా పరిస్థితుల మీద అనమనండి, కరెంటు పోయినప్పుడు "ఆహా, సరిగ్గా టైముకే!" అంటే ఎవరికీ తగలదు. ఏడుస్తున్నవాళ్లతో, కొత్తవాళ్లతో, టీచరుతో, పోలీసులతో వద్దని స్పష్టంగా చెప్పండి. అందరూ నవ్విన మాటను అదే రోజు అదే మనిషితో మళ్లీ అంటే నవ్వు రాదన్నది కూడా చెప్పాల్సిన నియమమే.

పెద్దలు మార్చుకోవాల్సింది

ఆటిజం ఉన్నవాళ్లకు మిగతావాళ్లు అర్థం కానట్టే, మిగతావాళ్లకు వాళ్లూ అర్థం కారని, లోటు ఒక్క పక్కదే కాదని, తనకూ ఆటిజం ఉన్న పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో వాదించారు. బరువంతా పిల్ల నెత్తిన పెట్టడం అన్యాయం. క్లాసులో మాట్లాడుతున్న పిల్లాడితో టీచరు "ఇంకొంచెం గట్టిగా మాట్లాడు, వెనక బెంచీకి వినపడట్లేదు" అంటే, వాడు నిజంగానే గొంతు పెంచుతాడు. టీచరుకు అది పొగరుగా కనిపిస్తుంది. వాడు చేసింది మాత్రం చెప్పిన మాట వినడమే, అందుకే శిక్ష ఎందుకు పడిందో వాడికి తెలియదు.

ఇంట్లో వెటకారం మానేయనక్కర్లేదు, వెనకే అసలు మాట కూడా చెప్పండి: "భలే సర్దావు గది! అంటే సర్దలేదని. బట్టలు తీసి బుట్టలో వెయ్యి." స్కూలు తెరవగానే క్లాసు టీచరుకు ఒక చీటీ ఇవ్వండి. నాలుగు వాక్యాలు చాలు: "మా పిల్లకు ఆటిజం ఉంది. మీరు అన్న మాటను అన్నట్టే తీసుకుంటుంది. చేయాల్సింది సూటిగా చెబితే చేస్తుంది. ఎప్పుడైనా ఎదురు చెప్పినట్టు అనిపిస్తే, శిక్షించే ముందు 'నేనన్నది నీకేం అర్థమైంది?' అని ఒక్కసారి అడగండి."